వీటోకి ముందు ఏం జరుగుతోంది? కౌన్సిల్ స్తంభించిపోయిన ఒక చీలిన పట్టణం: కేస్ స్టడీ

ఈ కేసులో దేశం, పట్టణం, వర్గాలు, భాషల పేర్లు తీసేశాం. ఊరిని గుర్తుపట్టే వీలు లేకుండా సీట్ల సంఖ్యలను కొంచెం సర్దాం. బలాబలాల తీరు మాత్రం మార్చలేదు. జాతి, మతం గీతల మీద చీలిన సమాజంలో మైనారిటీకి వీటో ఇవ్వాలా వద్దా అన్న వాదన పాతదే. ఈ కేసు నేర్పేది దాని తర్వాతి సంగతి. వీటో ఇచ్చాక దాన్ని ప్రతిదానికీ ఎందుకు వాడతారు, లాక్కోకుండానే ఆ వాడకాన్ని ఎలా తగ్గించవచ్చు అన్నది ఇక్కడ స్పష్టంగా కనిపించింది.

నేపథ్యం

అంతర్యుద్ధం తర్వాత కుదిరిన శాంతి ఒప్పందం కింద నడుస్తున్న దేశం. పట్టణంలో రెండు ప్రధాన వర్గాలున్నాయి, వాటి భాషలూ వేరు, మతాలూ వేరు. వాటితోపాటు మూడో చిన్న వర్గం ఒకటి, ఏ వర్గం పేరూ చెప్పుకోని ఉమ్మడి జాబితా ఒకటి. కౌన్సిల్‌లో 31 సీట్లు. పెద్ద వర్గం పార్టీకి 17, రెండో వర్గం పార్టీకి 9, చిన్న వర్గానికి 3, ఉమ్మడి జాబితాకు 2. మెజారిటీకి 16 చాలు కాబట్టి పెద్ద వర్గం ఎవరి ముఖమూ చూడకుండా ఏ తీర్మానమైనా నెగ్గించుకోగలదు.

ఈసారి ఓడినవాళ్లు వచ్చేసారి గెలవొచ్చన్న ఆశ మీదే మెజారిటీ పాలన నిలబడుతుంది. ఓటు వర్గాన్ని బట్టే పడే చోట ఆ ఆశ ఉండదు. అక్కడ ఎన్నిక అంటే జనాభా లెక్కే. కాగితం మీద రక్షణ రాసినంత మాత్రాన సరిపోదని శ్రీలంక చూపించింది. ఏ ఒక్క వర్గం మీదా, మతం మీదా ప్రత్యేకంగా భారం మోపే చట్టం చేయకూడదని స్వాతంత్ర్యం నాటి రాజ్యాంగంలోని 29(2) సెక్షన్ చెప్పింది. అయినా 1948 పౌరసత్వ చట్టం లక్షల మంది తోటల తమిళులను పౌరసత్వానికి బయట పెట్టింది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అయింది. రెండూ పార్లమెంటు మెజారిటీతో, పద్ధతి ప్రకారమే జరిగాయి. తమిళ ప్రాంతాలకు కొంత స్వపాలన ఇస్తామంటూ 1957లో కుదిరిన బండారనాయకే–చెల్వనాయకం ఒప్పందం మరుసటి ఏడాదే రద్దయింది.

ఇలాంటి అనుభవాలు కళ్లముందున్నాయి కాబట్టే మన కేసులోని శాంతి ఒప్పందం రెండో వర్గానికి "కీలక ప్రయోజనం" పేరుతో వీటో ఇచ్చింది. రెండో వర్గం కౌన్సిలర్లు తొమ్మిది మందిలో ఐదుగురు చేయెత్తితే తీర్మానం ఆగుతుంది. ఏది కీలక ప్రయోజనమో నిర్వచనం లేదు. గడువు లేదు. ఆగిన తీర్మానం తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఏ నిబంధనా చెప్పదు.

సమస్య ఏ రూపంలో వచ్చింది

వరుసగా రెండేళ్లు బడ్జెట్ సమయానికి పాస్ కాలేదు. చెత్త తరలింపు టెండరు, నీటి పైపుల మరమ్మతు, సిబ్బంది బదిలీలు అన్నీ వీటో కింద ఆగాయి. ఖర్చు కాని నిధులు వెనక్కి పోతాయని, కౌన్సిల్‌ను రద్దు చేయాల్సి వస్తుందని మంత్రిత్వ శాఖ హెచ్చరించింది. మా సలహా బృందానికి అప్పగించిన పని ఒక్క వాక్యంలో ఉంది: వీటో దుర్వినియోగం కాకుండా నిబంధనలు రాయండి.

ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోకపోవడమే ఈ కేసులో మొదటి నిర్ణయం. వీటో హక్కు జాతీయ చట్టంలో ఉంది. పట్టణ నియమావళి దాన్ని తీసేయలేదు, వాడే పద్ధతిని మాత్రమే నిర్దేశించగలదు. నియమావళిని సవరించాలన్నా మూడింట రెండు వంతుల మద్దతు కావాలి, ఆ సవరణ మీద కూడా వీటో పడవచ్చు. కాబట్టి రెండో వర్గం ఒప్పుకోని పరిష్కారం ఎంత బాగున్నా అమలుకు రాదు.

ఆగిపోయిన తీర్మానాలన్నిటినీ ఒక పట్టికలో పెట్టాం. నాలుగు గడులు: విషయం ఏమిటి, ముసాయిదా ఎవరు రాశారు, అది రెండో వర్గం సభ్యులకు ఎప్పుడు, ఏ భాషలో అందింది, వీటోకి ముందు వాళ్లు ఏమైనా అడిగారా, అడిగితే జవాబేమిటి. మొదటి గడి చూస్తే పెద్ద వర్గం ఫిర్యాదు నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే భాషకో మతానికో సంబంధించినవి కొన్నే. మిగతా గడులు చూస్తే బొమ్మ మారిపోతుంది. ఎజెండా సమావేశానికి 24 గంటల ముందు, పెద్ద వర్గం భాషలోనే వచ్చేది. టెండరు అంచనాలు, పటాలు, అనుబంధాలు అసలు వచ్చేవే కావు. ఆరు స్థాయీ సంఘాల్లో ఆరింటికీ అధ్యక్షులు పెద్ద వర్గం వాళ్లే. సభలో సవరణ పెట్టాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారని పెద్ద వర్గం అంటోంది. వాళ్ల చేతిలో గొడ్డలి తప్ప మరొకటి పెట్టలేదని పట్టిక చెబుతోంది. వీటో చివరి అస్త్రంగా ఉండాలి. ఇక్కడ అది వాళ్లకు మాట్లాడే మొదటి అవకాశం అయింది.

ఇది ఈ ఒక్క పట్టణం జబ్బు కాదు. సైప్రస్ 1960 రాజ్యాంగం ప్రతినిధుల సభలోని 50 సీట్లలో గ్రీకు సైప్రియట్లకు 35, టర్కిష్ సైప్రియట్లకు 15 పంచి, పన్నులు, మున్సిపాలిటీలు, ఎన్నికల చట్టాలకు రెండు వర్గాల విడివిడి మెజారిటీ కావాలంది. 15 మందిలో ఎనిమిది మంది కాదంటే పన్నుల చట్టం ఆగుతుంది. ఉద్యోగాల్లో 70:30 వాటా, విడి మున్సిపాలిటీలు అన్న హామీలు అమలు కాలేదన్న కోపాన్ని టర్కిష్ సైప్రియట్ సభ్యులు పన్నుల చట్టం మీద చూపించారు. 1963 డిసెంబరులో ఘర్షణలు మొదలై ఆ ఏర్పాటు కూలిపోయింది. గొడవ ఒక చోట, వీటో పడింది మరో చోట. మన పట్టణంలో నీటి పైపుల మీద పడిన వీటోల కథ కూడా ఇదే.

ఏవి ప్రయత్నించారు, ఎందుకు విఫలమయ్యాయి

సలహా బృందం రాకముందే రెండు ప్రయత్నాలు జరిగాయి. ఒకటి సయోధ్య కమిటీ. మత పెద్దలు, ఉపాధ్యాయులు, వ్యాపారులు ఉన్న ఆ కమిటీలో మాటలు మర్యాదగా సాగాయి, సిఫారసులూ వచ్చాయి. అయితే ఆ సిఫారసు మీద కౌన్సిల్ ఓటు వేయాలన్న నియమం లేదు. కమిటీలో తలూపిన పార్టీలే సభలో విప్ జారీ చేసి వ్యతిరేకంగా ఓటేయించాయి. అధికారం లేని చోట కుదిరిన రాజీకి అధికారం ఉన్న చోట విలువ ఉండదు.

రెండోది రెండో వర్గానికి ఇచ్చిన ఉప మేయర్ పదవి. ఎవరిని నియమించాలో మేయరే నిర్ణయించారు. ఆ పదవికి శాఖ లేదు, ఫైలు మీద సంతకం చేసే అధికారం లేదు. నెలలు తిరక్కుండానే ఆయన సొంత వర్గంలో పరాయివాడయ్యారు. మైనారిటీ ప్రతినిధిని ఎవరు ఎన్నుకుంటారన్నది చిన్న విషయం కాదు. బోస్నియా అధ్యక్ష మండలిలో బోస్నియాక్, క్రొయాట్, సెర్బ్ వర్గాలకు తలా ఒక సీటు. అందులో క్రొయాట్ స్థానానికి ఝెల్కో కోంషిచ్ 2006 నుంచి నాలుగుసార్లు గెలిచారు. ఆయన ప్రధానంగా బోస్నియాక్ ఓట్లతో గెలిచారన్నది క్రొయాట్ పార్టీల ఫిర్యాదు. ఆయన ఉద్దేశాలు ఏవైనా, తమ సీటు తమ చేతిలో లేదని ఒక వర్గం అనుకుంటే ఆ సీటు చేయాల్సిన పని చేయదు.

మూడో ప్రయత్నం సలహా బృందం వచ్చాకే మంత్రిత్వ శాఖ ఒత్తిడితో జరిగింది. వీటో పడ్డ ప్రతి తీర్మానాన్నీ కోర్టుకు పంపాలన్న ముసాయిదా అది. రెండో వర్గం సభ నుంచి వాకౌట్ చేసింది. వాళ్ల లెక్క సరైనదే. కోర్టు తేల్చేసరికి టెండరు అయిపోతుంది, గోడ కూలిపోతుంది. తర్వాత వచ్చే తీర్పు రక్షణ కాదు. పైగా ఇచ్చేది ముందు ఇవ్వాలి, పుచ్చుకునేది తర్వాత చూద్దాం అన్న వరస అది. ఒప్పందాలు విరిగిన చరిత్ర ఉన్న చోట ఆ వరసను ఎవరూ నమ్మరు.

ఏది పనిచేసింది

వరస తిప్పేశాం. ముందు సమాచారం, తర్వాత సంఘాల్లో వాటా, తర్వాత ప్రతిష్టంభన వస్తే ఏమవుతుందో చెప్పే నిబంధన, అన్నిటికన్నా చివర వీటో పద్ధతి. నాలుగూ ఒకే తీర్మానంలో పెట్టి అమలు తేదీలు వేరువేరుగా ఇచ్చాం. మొదటి మూడు వెంటనే అమలులోకి వస్తాయి. నాలుగోది ఆరు నెలల తర్వాత, అదీ ఎజెండా నియమాలు పాటించారని బయటి ఆడిటర్ ధ్రువీకరిస్తేనే. వీటోను కుదించుకున్నాక మోసపోతామన్నది రెండో వర్గం భయం. అధ్యక్ష పదవులు వదులుకున్నాక కూడా వీటో అలాగే మిగిలిపోతుందన్నది పెద్ద వర్గం భయం. రెండు భయాలకూ ఆ ఒక్క షరతే జవాబు చెప్పింది. పెద్ద వర్గాన్ని ఒప్పించింది మాత్రం మంచితనం కాదు, వెనక్కి పోతున్న నిధులు.

సమాచారం విషయం త్వరగా తేలింది. ఎజెండా, అన్ని అనుబంధాలు ఏడు రోజుల ముందు, రెండు భాషల్లో ఇవ్వాలి. అనువాదం అందని అంశం ఆ సమావేశంలో చర్చకు రాదు. ఈ చివరి ముక్క లేకపోతే మొదటిది అలంకారమే.

సంఘాల అధ్యక్ష పదవుల దగ్గర లెక్క ముఖ్యం. ఉత్తర ఐర్లండ్‌లో 1998 శాంతి ఒప్పందం తర్వాత మంత్రి పదవులు పంచడానికి వాడే డాంట్ పద్ధతిని అందరూ మొదట సూచించారు. ప్రతి పార్టీ సీట్లను 1, 2, 3, 4తో భాగించుకుంటూ పోయి, పెద్ద భాగఫలాలకు వరుసగా పదవులు ఇస్తారు. మన లెక్కలో 17, 9, 8.5, 5.67, 4.5, 4.25 వస్తాయి. ఆరు పదవుల్లో పెద్ద వర్గానికి నాలుగు, రెండో వర్గానికి రెండు, మిగతావాళ్లకు సున్నా. సాంత్-లాగ్ పద్ధతిలో 1, 3, 5 లాంటి బేసి సంఖ్యలతో భాగిస్తారు. అప్పుడు 17, 9, 5.67, 3.4, 3, 3 వస్తాయి. పెద్ద వర్గానికి మూడు, రెండో వర్గానికి రెండు, చిన్న వర్గానికి ఒకటి. రెండూ దామాషా పద్ధతులే, రెండూ న్యాయమైనవే. భాజకం మారిస్తే ఒక వర్గం బల్ల దగ్గరికి వస్తుంది, మార్చకపోతే గుమ్మం బయటే నిలబడుతుంది. డాంట్ లెక్కతో పోలిస్తే పెద్ద వర్గం ఒక పదవి కోల్పోతోంది కాబట్టి ఏ సంఘం కావాలో మొదట ఎంచుకునే వంతు దానికే ఉంటుందని గుర్తు చేశాం. ఆడిట్ సంఘం మాత్రం మేయర్ పార్టీకి దక్కకూడదన్న నియమం విడిగా పెట్టాం.

ప్రతిష్టంభన వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు లేని నిబంధన సగం నిబంధనే. బోస్నియాలోని మోస్తార్‌లో ఎన్నికల నియమాలు చెల్లవని 2010లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాక కొత్త నియమాల మీద పార్టీలు ఒప్పుకోలేదు. 2008 తర్వాత మళ్లీ స్థానిక ఎన్నిక జరిగింది 2020లోనే. మన పట్టణంలో బడ్జెట్ పాస్ కాకపోతే నెలకు గత ఏడాది మొత్తంలో పన్నెండో వంతు ఖర్చు చేయవచ్చన్నది సులువైన సూచన. అందులో ఒక మెలిక ఉంది. గత ఏడాది కేటాయింపులు ఎవరికి అనుకూలమో వాళ్లకు బడ్జెట్ ఆగిపోవడమే లాభం. అందుకే ఆ పన్నెండో వంతును జీతాలు, నీరు, చెత్త, ఆసుపత్రి లాంటి నడుస్తున్న సేవలకే పరిమితం చేశాం. కొత్త పనుల నిధి మాత్రం వార్డు జనాభా, పైపులైన్ లేని ఇళ్ల సంఖ్య ఆధారంగా సూత్రం ప్రకారం పంచాలి. బడ్జెట్‌ను ఆపడం వల్ల ఇప్పుడు ఎవరికీ పెద్దగా ఒరిగేది లేదు.

ఇక వీటో. మూడు చోట్ల నుంచి మూడు ముక్కలు తీసుకున్నాం. బెల్జియం రాజ్యాంగంలోని 54వ అధికరణం కింద ఒక భాషా వర్గం సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది ఒక బిల్లును ఆపించవచ్చు. మంత్రివర్గం 30 రోజుల్లో జవాబివ్వాలి. బడ్జెట్ మీద మాత్రం ఆ హక్కు లేదు. ఉత్తర మాసిడోనియాలో 2001 ఓహ్రిద్ ఒప్పందం జంట మెజారిటీని (సభ మొత్తంలోనూ, మైనారిటీ వర్గాల సభ్యుల్లోనూ విడిగా మెజారిటీ కావాలన్న షరతు) భాష, విద్య, సంస్కృతి, చిహ్నాలు, స్థానిక పాలన లాంటి కొన్ని విషయాలకే పరిమితం చేసింది. ఉత్తర ఐర్లండ్ శాసనసభలో ఒక అంశానికి రెండు వర్గాల మద్దతూ తప్పనిసరి చేయడానికి 30 మంది సంతకాలతో వేసే పిటిషన్‌కు 2020 ఒప్పందం తర్వాత కనీసం రెండు పార్టీల సభ్యులు, 14 రోజుల పునఃపరిశీలన అన్న షరతులు చేరాయి.

మన పట్టణంలో ఆరు విషయాల మూసిన జాబితా రాశాం: భాష, పాఠశాలలు, ప్రార్థనా స్థలాలు, శ్మశానాలు, వీధుల పేర్లు–చిహ్నాలు, వార్డుల సరిహద్దులు. వీటో వాడాలంటే ఇక పిటిషన్ వేయాలి. అది ఆ జాబితా కిందికి వస్తుందో లేదో ముగ్గురు సభ్యుల బృందం మూడు పనిదినాల్లో తేలుస్తుంది. రెండు ప్రధాన వర్గాలూ చెరొకరిని పెడతాయి. మూడో వ్యక్తి బయటి ఊరి విశ్రాంత న్యాయమూర్తి. పేర్ల జాబితాలో ఇరుపక్షాలు వంతులవారీగా ఒక్కో పేరు కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేది ఆయనే. బృందం గడువులోగా తేల్చకపోతే పిటిషన్ చెల్లినట్టే లెక్క. ఆలస్యం వల్ల నష్టపోయేది మైనారిటీయే కాబట్టి ఆలస్యానికి మూల్యం పెద్ద వర్గం మోయాలి. పిటిషన్ వేసినవాళ్లు ఏడు రోజుల్లో ప్రత్యామ్నాయ ముసాయిదా ఇవ్వాలి, ఇవ్వకపోతే పిటిషన్ రద్దవుతుంది. మొత్తం 14 రోజుల్లో రాజీ కుదరకపోతే అంశం జంట మెజారిటీ ఓటుకు వెళ్తుంది.

జంట మెజారిటీలో రెండో లెక్కలో ఎవరుంటారన్న దగ్గర చర్చ అన్నిటికన్నా ఎక్కువ కాలం సాగింది. పాత పద్ధతిలో చిన్న వర్గం ముగ్గురూ ఉమ్మడి జాబితా ఇద్దరూ ఏ లెక్కలోకీ రారు. తమ వర్గం పేరు ఒప్పందంలో లేనందుకు జనం హక్కు కోల్పోవడం ఎంత దూరం పోతుందో బోస్నియా మీద 2009లో వచ్చిన సెయ్‌డిచ్–ఫించి తీర్పు చూపిస్తుంది. ఒక రోమా వర్గీయుడు, ఒక యూదుడు అధ్యక్ష మండలికి పోటీ చేయలేకపోవడం వివక్షేనని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. మాసిడోనియా పద్ధతిలో మెజారిటీకి చెందని వర్గాలన్నిటినీ కలిపి లెక్కిస్తారు. ఇక్కడ అలా చేస్తే 14 మందిలో ఎనిమిది ఓట్లు కావాలి. రెండో వర్గం వెంటనే అభ్యంతరం చెప్పింది. ఇన్నాళ్లూ తమలో ఐదుగురు ఒక్కటైతే ఆపగలిగేవాళ్లు. ఇప్పుడు మిగతా ఐదుగురినీ పెద్ద వర్గం తనవైపు తిప్పుకుంటే, తమలో ఏడుగురు కలిసి నిలబడితే తప్ప ఆపలేరు. ఆ భయం లెక్కలో నిజమే. చివరికి భాష, పాఠశాలల విషయంలో పాత పద్ధతిలో ఐదుగురి లెక్కే ఉంచి, మిగతా నాలుగు విషయాల్లో 14 మందిని కలిపాం. పిటిషన్ వేసే హక్కు చిన్న వర్గానికి కూడా విడిగా వచ్చింది. చూడటానికి అతుకుల బొంతలా ఉంటుంది, కానీ ప్రతి అతుకు వెనకా ఒకరి న్యాయమైన భయం ఉంది.

సభ్యులు తమ వర్గాన్ని నామినేషన్ రోజునే ప్రకటించాలి, లేదా ఏదీ చెప్పకుండా ఉండవచ్చు. పదవీకాలంలో మార్చుకోవడానికి లేదు. 2001 నవంబరులో ఉత్తర ఐర్లండ్‌లో ప్రథమ మంత్రి ఎన్నిక గట్టెక్కడానికి ఏ వర్గానికీ చెందమనే అలయన్స్ పార్టీ సభ్యులు కొందరు తాత్కాలికంగా యూనియనిస్టులుగా (బ్రిటన్‌తోనే ఉండాలనే వర్గంగా) నమోదు చేసుకున్నారు. ఆనాటికి సంక్షోభం తీరింది. అదే వెసులుబాటు ఇక్కడ ఉంటే ప్రతి ఓటుకూ వాడతారు.

ఒక పిటిషన్ దగ్గరగా

కొత్త పద్ధతి కింద వచ్చిన మొదటి పిటిషన్ ఒక రోడ్డు వెడల్పు పనిపై. పటం ప్రకారం రెండో వర్గం శ్మశానం గోడ రెండు మీటర్లు లోపలికి జరగాలి. ఎజెండా ఏడు రోజుల ముందు రావడం వల్ల గోడ సంగతి టెండరు పిలవకముందే బయటపడింది. పాత రోజుల్లో అయితే బుల్‌డోజరు వచ్చాక తెలిసేది. బృందం రెండో రోజే పిటిషన్‌ను అంగీకరించింది. పిటిషనర్లు ఇచ్చిన ప్రత్యామ్నాయంలో గోడ కదలదు. మురుగు కాలువను రోడ్డుకు అవతలి వైపు వేసి, ఫుట్‌పాత్ ఒక వైపుకే పరిమితం చేస్తారు. ఇంజనీరు అంచనా కొంచెం పెరిగింది. ఓటింగ్‌లో జంట మెజారిటీ అవసరం రాలేదు, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ప్రత్యామ్నాయం తప్పనిసరి అన్న షరతు లేకపోతే ఈ రోడ్డు కూడా ఆగిన పనుల జాబితాలో చేరేదే.

పాఠాలు, మిగిలిన చిక్కులు

వీటో ఎక్కువగా వాడుతున్నారన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది వీటో నిబంధన కాదు. ఎజెండా ఎప్పుడు వెళ్తోంది, సవరణ పెట్టే దారి ఉందా, ఏ సంఘానికి ఎవరు అధ్యక్షులు అన్నవి చూడాలి. ఈ పట్టణంలో సాధారణ పాలన విషయాల మీద వీటోలు దాదాపు ఆగిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం జాబితా వల్ల ఆగలేదు. జాబితా అమలులోకి రాకముందు ఆరు నెలల్లోనే తగ్గాయి.

పాఠశాలలు అలాగే ఉన్నాయి. రెండు వర్గాల పిల్లలు వేరువేరు భవనాల్లో, వేరువేరు చరిత్ర పుస్తకాలతో చదువుతున్నారు. ఐదుగురి వీటో ఉన్నచోట అది కదలదు. కదిలించడానికి ఆ వీటో తీసేస్తే రెండో వర్గం దాన్ని తన భాష మీద దాడిగానే చూస్తుంది. వర్గంలోపల భిన్నంగా మాట్లాడేవాళ్లకు, ముఖ్యంగా మహిళా కౌన్సిలర్లకు, ఈ ఏర్పాటులో ప్రత్యేకమైన గొంతు లేదు. వర్గానికి ఇచ్చిన హక్కు ఆ వర్గం నాయకుల చేతికే వెళ్తుంది. ఆడిట్ సంఘం అధ్యక్ష పదవి ఈ రెండేళ్లలో రెండో వర్గంలోని ఒక యువ సభ్యురాలికి దక్కడం మేలే, అయితే అది పార్టీ ఎంపిక, నియమం కాదు.

సంఖ్యలు గడ్డకట్టిపోయే ప్రమాదం కూడా ఉంది. లెబనాన్‌లో 1932 జనగణన తర్వాత మరొకటి జరగలేదు. ఆ లెక్కల ఆధారంగా పార్లమెంటులో క్రైస్తవులకు, ముస్లింలకు 6:5గా ఉన్న నిష్పత్తిని 1989 తాయిఫ్ ఒప్పందం సమానం చేసింది, అదీ పదిహేనేళ్ల యుద్ధం చివర్లో. అందుకే ఇక్కడ అధ్యక్ష పదవులను ప్రతి ఎన్నిక తర్వాతా కొత్త సీట్ల సంఖ్యతో మళ్లీ లెక్కించాలని రాశాం. వీటో జాబితాకు రెండు ఎన్నికల తర్వాత సమీక్ష ఉంది. అప్పుడు ఒక్కో విషయాన్నీ విడిగా ఓటుకు పెడతారు. జాబితాలోంచి ఏదైనా తీసేయాలంటే జంట మెజారిటీ కావాలి, ఉంచడానికి ఏ ఓటూ అక్కర్లేదు.